వెనక్కి వెళ్ళే నాలుగు గళ్ళు

చెయ్యి పొరబడిందనే అందరూ అంటున్నారు. నేనూ అదే అన్నాను. నిన్న సాయంత్రం కచేరీ అయ్యాక తిరుగు బస్సులో మా మొదటి వయొలిన్ ఓచోవా పక్కన కూర్చుని, "క్షమించు, చెయ్యి తప్పింది" అన్నాను. కానీ పొరబాటుకి కడుపులో ఒక గుర్తు ఉంటుంది. ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే నేలే తగిలినప్పటి అదురు. నలభై ఏళ్ళుగా ఆ అదురు నాకు తెలుసు. నిన్న అది రాలేదు. నిన్న ఆ క్షణంలో నాకు కలిగింది, సిగ్గుపడుతూనే ఒప్పుకోవాలి, హాయి. పొద్దుటినుంచీ బిగదీసి కట్టుకున్న బూటు తాడు ఎవరో వచ్చి విప్పినంత హాయి.

అందుకే ఇప్పుడు నా ఎడమ చేతినే చూస్తూ కూర్చున్నాను. బల్ల మీద వెల్లకిలా పడి ఉంది. పాలగిన్నె బోర్లించి వచ్చి పడుకున్న పిల్లిలాగా, ఏమీ ఎరగనట్టు.

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నర. రెండున్నరకి కచేరీ. పోర్ట్ హాలెట్‌లో సింఫనీకంటూ వేరే భవనం లేదు. హైస్కూలు సభాభవనమే మాది. నాకిచ్చే గది ఆడపిల్లల ఆటల టీచరుది. మేకుకి ఈల, మూలన వలసంచిలో బాస్కెట్ బంతులు, గోడ మీద ఎవరో పెద్దక్షరాలతో రాసి అంటించిన కాగితం: చెమట అబద్ధం చెప్పదు. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఈ ఊరి ఆర్కెస్ట్రాని నడిపిస్తున్నాను, ప్రతి కచేరీకి ముందూ ఆ కాగితం చదువుతున్నాను. కిటికీ బయట సరస్సు. మే నెల వచ్చినా ఒడ్డున మంచుపలకలు ఇంకా ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి.

నాది పుట్టు ఎడమచేతివాటం. మా నాన్న ఈ ఊరి రేవులోనే ఇనుపరాయి ఓడల్లోకి ఎక్కించే పని చేసేవాడు. ఆయనకి అభ్యంతరం ఉండేది కాదు. "పార పట్టడానికి ఎలాగూ రెండు చేతులూ కావాలి కదా" అనేవాడు. అభ్యంతరం మినియాపొలిస్‌లో మా సంగీతం మాస్టారికి వచ్చింది. మొదటి రోజే నా ఎడమ చేతిలోంచి తాళం వేసే కర్ర తీసి కుడి చేతిలో పెట్టాడు. "వయొలిన్ కమానులన్నీ ఒక వైపే వెళ్తాయి. నువ్వు అద్దంలో బొమ్మలాగా వాళ్ళ ముందు నిలబడితే ఎనభైమందికి తలనొప్పి" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. వాదించలేదు. మూడు నెలలు ఎడమ చేతిని జేబులో పెట్టుకుని నేర్చుకున్నాను. తరవాత దానికి చిన్న చిన్న పనులు అప్పజెప్పాను. తగ్గించమని చెప్పడం, బూరల వాళ్ళకి మీ వంతు వచ్చిందని చూపించడం, పుట తిప్పడం. కుడి చెయ్యి ఉద్యోగానికి వెళ్ళింది, ఎడమ చెయ్యి ఇంట్లో ఉండిపోయింది. ఇన్నేళ్ళూ ఇంట్లో కూర్చుని అది ఏమనుకుంటూ ఉందో నేను అడగలేదు.

ముప్ఫై నాలుగో ఏట ఒక పెద్ద నగరం ఆర్కెస్ట్రాలో సహాయ సంచాలకురాలిని. అసలాయనకి జ్వరం వస్తే ఆ రోజు నేను నిలబడాలి. ఆరేళ్ళలో ఆయనకి రెండుసార్లే జ్వరం వచ్చింది. ఆయన వెళ్ళిపోయినప్పుడు ఆ స్థానం నాదే అనుకున్నాను. కమిటీవాళ్ళు మంచి భోజనం పెట్టి, "మీలో అన్నీ ఉన్నాయి, కానీ వేదిక నిండదు" అన్నారు. నాకంటే జానెడు పొడుగున్నవాడిని తెచ్చి వేదిక నింపుకున్నారు. ఆ భోజనంలో కూడా నేను నవ్వుతూనే ఉన్నాను. నన్ను ఓడించినవాళ్ళలో ఒక్కరూ గట్టిగా అరవలేదు. అరిస్తే తిరిగి అరిచేదాన్ని. మర్యాదగా అడుగుతారు, నేను మర్యాదగా ఇచ్చేస్తాను.

నలభై రెండో ఏట రెండేళ్ళుండి వెళ్దామని పుట్టిన ఊరికి తిరిగి వచ్చాను. నలభై ఎనిమిది మంది వాద్యకారులు. పద్దెనిమిది మంది మూడేసి గంటలు కారు నడుపుకుంటూ వచ్చి ఊళ్ళోవాళ్ళ ఇళ్ళల్లో పడుకుంటారు. మిగిలినవాళ్ళు ఇక్కడివాళ్ళే: పళ్ళ డాక్టరు, ముగ్గురు బడి పంతుళ్ళు, ఉత్తరాలు పంచే ఆవిడ, ఒక పాస్టరు. ఒక ఫిబ్రవరిలో మంచుతుఫానులో పదకొండు మంది శ్రోతలు వచ్చారు. వేదిక మీద మేం నలభైమందిమి. "మనమే ఎక్కువమందిమి, భయపడకండి, వాయించండి" అన్నాను. ఆ రోజు వాయించినట్టు ఆ పెద్ద నగరంవాళ్ళు ఎప్పుడూ వాయించలేదు. ఇది నేను ఎక్కడైనా నిలబడి చెప్తాను.

ఈ వారం మేం వాయిస్తున్నది మా ఊరి సింఫనీ. రాసినవాడు ఎర్లాండ్ నూర్మెలా, రేవు కార్యాలయంలో గుమాస్తా. తొంభై ఏళ్ళ కిందట ఓడల చిట్టాలు రాస్తూ రాస్తూ ఈ ఒక్క సింఫనీ రాసి, ఇంకేమీ రాయకుండా పోయాడు. దాని మూడో భాగం ఒక నాట్యం. సగం దాకా వెళ్ళాక కాగితం మీద రెండు దారులుంటాయి. ఒకటి మళ్ళీ నాట్యం మొదటికి తీసుకుపోతుంది, రెండోది ముందుకి. మొదటిసారి వచ్చినప్పుడు వెనక్కి వెళ్ళాలి, రెండోసారి వచ్చినప్పుడు ముందుకి. వెనక్కి వెళ్ళే దారిలో నాలుగు గళ్ళున్నాయి, గడికి ఒక తాళం చుట్టు. ఆ నాలుగు గళ్ళల్లో అందరూ వాద్యాలు దించుకుంటారు. వెనక వరసలో రాగి డోళ్ళు మాత్రం ఒంటరిగా మోగుతాయి. తిప్పి వాయించకుండా తిన్నగా ముందుకి పోతే ఆ నాలుగు గళ్ళు ఎవరూ వినరు. కాగితం మీదే ఉండిపోతాయి.

గురువారం సాధనలో వాటిని నేనే కొట్టేశాను.

మా సింఫనీ సంఘం అధ్యక్షుడు డగ్లస్ ప్రెంటిస్ వచ్చి అడిగాడు. ఆదివారం కచేరీ రేడియోలో నేరుగా వస్తుంది, నాలుగున్నరకి ఠంచనుగా సరస్సు మీది ఓడలవాళ్ళకి వాతావరణ వార్తలు మొదలవుతాయి, ఎవరికోసమూ ఆగవు. "కొంచెం ఊపిరాడేలా మూడున్నర నిమిషాలు తగ్గించగలరా?" అన్నాడు. ఆ నాట్యం తిప్పి వాయించడానికి పట్టేది సరిగ్గా మూడున్నర నిమిషాలు. ఆయన మర్యాదగా అడిగాడు. నేను మర్యాదగా ఇచ్చేశాను. నడీన్, మా కాగితాలు చూసే అమ్మాయి, నలభై ఎనిమిది మంది కాగితాల మీదా పెన్సిల్‌తో అడ్డగీత కొట్టింది.

నిన్న పక్క ఊళ్ళో అదే సింఫనీ. నాట్యం సగానికి వచ్చింది. కుడి చెయ్యి ముందుకి పోయే తాళమే వేస్తోంది. ఎడమ చెయ్యి లేచింది. అరచెయ్యి వెనక్కి, వేళ్ళు నిటారుగా: మళ్ళీ మొదటికి అన్న గుర్తు. నేనెత్తలేదు. అది లేచింది.

సగంమంది కాగితాన్ని నమ్మి ముందుకి పోయారు. సగంమంది నన్ను నమ్మి ఆగిపోయారు. వెనక వరసలో రాగి డోళ్ళు తమ నాలుగు గళ్ళూ మోగించాయి. ఓచోవా కమాను ఆపకుండానే "ఎఫ్! ఎఫ్!" అని అరిచాడు. కాగితం మీద మజిలీకొక అక్షరం రాసి ఉంటుంది, దారి తప్పినప్పుడు అందరూ ఆ అక్షరం దగ్గర కలుసుకోవడానికి. తొమ్మిది సెకన్లలో కలుసుకున్నాం. శ్రోతల్లో తొమ్మిదిమందికి కూడా తెలిసి ఉండదు. ప్రెంటిస్‌కి తెలిసింది. చిన్నప్పుడు బడి బ్యాండులో ట్యూబా ఊదాడట.

ఇప్పుడు తలుపు మీద రెండు వేళ్ళతో తట్టి ఆయనే లోపలికి వచ్చాడు. చేతిలో రెండు కాఫీలు.

"సిల్వీ గారూ, కాఫీ. పంచదార లేకుండా కదా మీకు?"

"పంచదారతో."

"అయ్యో. ఇన్నేళ్ళూ..."

"ఇన్నేళ్ళూ అలాగే తాగాను. పరవాలేదు, ఇలా ఇవ్వండి."

ఆయన బాస్కెట్ బంతుల పక్కన చిన్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కలప దుకాణం యజమాని. చెడ్డవాడు కాదు. మా గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టిన ఏడాది తన లారీలో పొయ్యిలు తెచ్చి పెట్టాడు. అటువంటివాణ్ణి ద్వేషించడం కష్టం, ఆయన బలమూ అదే.

"నిన్నటిది..." అన్నాడు.

"చెప్పండి."

"ఎవరికైనా జరగొచ్చు. నేను దాని గురించి ఎవరితోనూ అనలేదు. కానీ సంఘంలో కొందరున్నారు, మీకు తెలుసు, వాళ్ళకి వయసు అనే మాట నోటి చివరే ఉంటుంది. రేపు సోమవారం సమావేశం. ఓటు దాకా పోతే మాటలు పడతాయి. పత్రికవాళ్ళు 'పొరబాటు' అని రాస్తారు. మీరు అలా వెళ్ళడం నాకిష్టం లేదు."

"నేను వెళ్తున్నానా?"

ఆయన కాఫీ మూత తీసి మళ్ళీ పెట్టాడు. "గౌరవంగా వెళ్ళొచ్చంటున్నాను. ఇవాళ కచేరీ అయిపోగానే, రేడియో ఇంకా నడుస్తుండగానే, నేను వేదిక ఎక్కి నాలుగు మాటలు చెప్తాను. సిల్వీ హావిస్టో గారు ఇరవై ఒక్క ఏళ్ళ సేవ తరవాత విశ్రాంతి తీసుకోవాలని తామే నిర్ణయించుకున్నారని. మీకు గౌరవ సంచాలకురాలు అన్న పదవి. ప్రతి డిసెంబరులో క్రిస్మస్ కచేరీ మీదే. మీరేమీ మాట్లాడక్కర్లేదు, సంతకం పెట్టక్కర్లేదు. నా పక్కన నిలబడి నవ్వితే చాలు."

"అంతేనా? నవ్వితే చాలా?"

"అంతే. మీరు బాగా నవ్వుతారు."

అందులో వెక్కిరింపు లేదు. నిజంగానే మెచ్చుకున్నాడు. నాకు వీపు మీద చన్నీళ్ళు పోసినట్టయింది. ఒక మనిషి తన జీవితమంతా ఏం చేసిందో ఒక్క ముక్కలో చెప్పమంటే, బాగా నవ్వుతుంది.

"నవ్వకపోతే?"

"సోమవారం ఓటు" అన్నాడు, నిజంగా బాధపడుతూ. "ఎటు పోతుందో నేను చెప్పలేను. చెప్పగలను, కానీ చెప్పను." లేచి నిలబడి, గోడ మీద కాగితం చదివి, తల ఊపి వెళ్ళిపోయాడు.

కాఫీ తాగాను. చేదుగా ఉంది. ఇరవై ఒక్క ఏళ్ళుగా చేదుగానే ఉంది.

ఆయన చెప్పినదాంట్లో తప్పేముందని నా బుర్ర లాయరులాగా నాతోనే వాదించడం మొదలుపెట్టింది. అరవై మూడేళ్ళు. కుడి భుజం చలికాలంలో పట్టేస్తుంది. నిన్న చెయ్యి తప్పింది, రేపు ఇంకోటి తప్పుతుంది. పొరబాటుని తిరుగుబాటు అని పేరు మార్చి పిలుచుకోవడం ముసలితనపు మొదటి లక్షణం కావచ్చు. కడుపులో అదురు రాలేదంటే, అదురే మొద్దుబారిందేమో. ఇలా అయినవాళ్ళు తమకి ఇలా అవుతోందని ఎన్నడూ ఒప్పుకోరు. నేనూ ఒప్పుకోవడం లేదు. ఇదే రుజువు కాదా?  ఆ వాదం సాగుతుండగానే కోటు వేసుకుని వేదిక మీదికి వెళ్ళాను.

మొదటి సగం బాగా జరిగింది. బాగా అంటే, ఎవరికీ ఏమీ జరగలేదు. కుడి చెయ్యి తాళం వేసింది. ఎడమ చేతిని పక్కకి వేలాడదీసి ఉంచాను, మళ్ళీ జేబులో పెట్టుకున్నట్టే. ఒక చోట బూరలవాళ్ళు నా వైపు చూశారు, వాళ్ళకి అలవాటైన సైగ కోసం. నేను ఇవ్వలేదు. వాళ్ళు లోపలికి వచ్చారు గాని, తలుపు తట్టకుండా వచ్చినట్టు, మొహమాటంగా వచ్చారు. చప్పట్లకి శ్రోతలవైపు తిరిగినప్పుడు చూశాను, మూడో వరసలో ప్రెంటిస్ ఒళ్ళో ఆకుపచ్చ గుడ్డ చుట్టిన పలక ఏదో ఉంది.

విరామంలో ఎడ్ కివెలా తలుపు తట్టకుండానే వచ్చాడు. రాగి డోళ్ళు ఇతనివే. రేవులో బళ్ళు లెక్కపెట్టే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద, మా అన్నతో చదువుకున్నాడు. వాళ్ళావిడ చేసిన యాలకుల రొట్టె కాగితంలో చుట్టి తెచ్చాడు.

"ఏమ్మా మేస్ట్రో గారూ, గుండె కొట్టుకుంటోందా, దాన్ని కూడా గురువారమే కొట్టేశావా?"

"నీ నాలుగు గళ్ళ గురించైతే..."

"నా నాలుగు గళ్ళ గురించే! సింఫనీ మొత్తంలో నేనొక్కణ్ణే వాయించేది ఆ నాలుగే. మిగతా అంతా లెక్కపెట్టడమే. నలభై ఏళ్ళు బళ్ళు లెక్కపెట్టి వచ్చింది ఇక్కడ ఖాళీ గళ్ళు లెక్కపెట్టడానికా?"

"నిన్న వాయించావుగా."

"వాయించాను. నేనొక ఊళ్ళో, వాళ్ళంతా ఇంకో ఊళ్ళో." రొట్టె విరిచి సగం నా చేతిలో పెట్టాడు. "అయినా నీ పోకడే అంత. పలక మీద పేరు చెక్కించుకుంటావు గాని, పాత స్నేహితుడికి ముక్క చెప్పవు."

"ఏ పలక?"

"ఇత్తడి పలక. అదే, డగ్లస్ ఒళ్ళో పెట్టుకు కూర్చున్నది. మా తోడల్లుడు లైల్ చెక్కాడు, బౌలింగు పందేల బహుమతి కప్పుల మీద పేర్లు చెక్కేవాడు. 'ఇరవై ఒక్క ఏళ్ళ సేవకి' అని, ఇవాళ్టి తారీఖుతో. ఈస్టర్ ముందే చెక్కేశాడు. ఇన్నాళ్ళూ బౌలింగు కప్పుల పక్కనే అలమారలో ఉంది. నీకు తెలుసనుకుని నేను అలిగి కూర్చున్నాను." నా ముఖం చూసి ఆగాడు. "తెలీదా?"

ఈస్టర్ వెళ్ళి నెల దాటింది. నిన్నటి పొరబాటు నిన్నటిది.

నవ్వొచ్చింది. ప్రెంటిస్ మెచ్చుకునే నవ్వు కాదు, గొంతులోంచి రొట్టె పొడితో సహా తోసుకొచ్చిన నవ్వు. మూడున్నర నిమిషాలు ఓడలవాళ్ళ కోసం కాదన్నమాట. నా వీడ్కోలు సభకి చోటు కావాల్సి వచ్చింది, ఆ చోటు నూర్మెలా సంగీతంలోంచి నా చేతే కోయించారు. నా గొయ్యి నేనే తవ్వాను, అదీ పెన్సిల్‌తో. నాకు తెలియకుండానే తవ్వాను. మరి శనివారం సాయంత్రం నాలో ఎవరికి తెలిసింది? ఎవరు చెయ్యెత్తారు?

"నవ్వుతావేంటే, పిచ్చిదానా" అన్నాడు ఎడ్, కొంచెం భయపడి.

అప్పుడే రూబెన్ ఓచోవా గుమ్మంలో నిలబడ్డాడు. మినియాపొలిస్ నుంచి వస్తాడు. పదేళ్ళుగా నా ఎడమ పక్కనే కూర్చుంటున్నాడు. తన సొంత మాట ఒక్కటి చెప్పి ఎరగడు. ఆయనకి పలక సంగతీ తెలుసు, నవ్వాల్సిన సంగతీ తెలుసు. ఇలాంటివి వాద్యకారులకి అందరికంటే ముందు తెలుస్తాయి.

"మేస్ట్రో, ఒక మాట."

"చెప్పు."

"కాగితాల మీద అడ్డగీత అలాగే ఉంది. చెరపమని నడీన్‌కి నేను చెప్పలేదు, చెప్పను కూడా. కానీ ఆ చోటు వచ్చేసరికి ఎవరూ కాగితం చూడరు. బల్లబల్లకీ కబురు వెళ్ళింది. మీ ఎడమ చెయ్యి చూస్తారు. లేస్తే వెనక్కి వెళ్తాం. లేవకపోతే ముందుకి వెళ్తాం. రెండు దారులూ మాకు వచ్చు."

"వెనక్కి వెళ్తే మూడున్నర నిమిషాలు. తరవాత డగ్లస్‌కి చోటుండదు. చప్పట్లలో రేడియో కట్టేస్తారు."

"లెక్క మాకూ వచ్చు."

"సోమవారం ఓటులో నేను ఓడిపోతే మీకు కొత్తవాళ్ళు వస్తారు. నన్ను బలపరిచారని వాళ్ళ దగ్గర మీకు చెడ్డపేరు."

"మేం ఎవరినీ బలపరచడం లేదు. చెయ్యి చూస్తామంటున్నాం. అది మా పని."

"సలహా ఏమీ ఇవ్వవా?"

"మూడు గంటలు కారు నడుపుకుని వచ్చింది సలహా ఇవ్వడానికి కాదు" అన్నాడు. వెళ్ళబోయి, ఆగి, "మొదటి సగంలో మీ ఎడమ చెయ్యి లేదు. బూరలవాళ్ళు అడిగారు, ఒంట్లో బాగాలేదా అని" అన్నాడు.

"నేను మాత్రం సలహా ఇస్తాను" అన్నాడు ఎడ్.

"నీది స్వార్థం."

"నాలుగు గళ్ళ స్వార్థం. డెబ్భై ఒక్క ఏళ్ళవాడికి ఆమాత్రం ఉండకూడదా?" రొట్టె కాగితం ఉండ చుట్టి బాస్కెట్ బంతుల సంచిలోకి విసిరాడు. పడలేదు. వంగి తీసుకుని జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఒంటరిగా ఇంకో రెండు నిమిషాలు మిగిలాయి. నన్ను నేను ఒక ప్రశ్న అడుక్కున్నాను. ఇప్పుడు చెయ్యెత్తితే, అది డగ్లస్ మీద కోపంతోనా? కోపం అయితే అది కూడా ఆయన చేయించినట్టే. ఆయన నవ్వమంటే నవ్వడం, ఆయన మోసానికి మండిపడి చెయ్యెత్తడం, రెండింట్లోనూ తాళం వేసేది ఆయనే. నాకు కావల్సింది అది కాదు. మరి నూర్మెలా కోసమా? చచ్చిపోయినవాణ్ణి అడ్డం పెట్టుకోవడం సులువు. ఎడ్ కోసమా? ఎడ్‌కి వాయించడానికి ఇంకో నాలుగు గళ్ళు ఎక్కడైనా దొరుకుతాయి.

నాకు అది వినాలని ఉంది. అంతే. మళ్ళీ మొదటినుంచి వినాలని ఉంది. గురువారం ఎవరూ నన్ను, నీకు వినాలని ఉందా అని అడగలేదు. నేనూ అడగలేదు.

గంట మోగింది. వెళ్ళాను.

వేదిక పైన, వెనక గోడకి, ఇనప వలలో బిగించిన గడియారం ఉంది. బంతులు తగిలి పగలకుండా స్కూలువాళ్ళు బిగించినది. పైతెర అడ్డం వల్ల శ్రోతలకి కనపడదు, నాకు మాత్రమే కనపడుతుంది. శ్రోతలకి నా వీపు, నాకు గడియారం, ఇన్నేళ్ళుగా ఇదే ఏర్పాటు. మూడూ నలభై తొమ్మిదికి మొదలుపెట్టాం. మొదటి భాగంలో బూరలు రావాల్సిన చోట ఎడమ చెయ్యి జేబులోంచి బయటికి తీసినట్టు తీసి వాళ్ళ వైపు చాపాను. వాళ్ళు తలుపు బార్లా తీసుకుని వచ్చారు. పళ్ళ డాక్టరు బూర మీంచి నన్ను చూసి కనుబొమలెగరేశాడు.

రెండో భాగం నెమ్మదైనది. ఓడలు వెళ్ళిపోయాక రేవు ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అందులో నేనేమీ ఆలోచించలేదు.

మూడో భాగం మొదలైంది. నాట్యం. రేవు కూలీలు బరువైన బూట్లతో వేసే నాట్యం, కాలు పైకి లేవదు, నేలే కాస్త కిందికి దిగుతుంది. నేను పీట మీద నిలబడి వాళ్ళని చూస్తున్నాను. ఒక వింత సంగతి గమనించాను. సాధారణంగా వాద్యకారుల కళ్ళు కాగితానికీ నాకూ మధ్య తిరుగుతుంటాయి, ఎక్కువసేపు కాగితం మీదే ఉంటాయి. ఇప్పుడు ఒక్కొక్కటే కాగితాన్ని విడిచిపెడుతున్నాయి. ముందు వయొలిన్లు. తరవాత ఉత్తరాలు పంచే ఆవిడ, సెల్లో వెనకనుంచి. పాస్టరు. బడి పంతుళ్ళు ముగ్గురూ. చివరి వరసలో ఎడ్ రెండు కర్రలూ పట్టుకుని, అవి ఇంకా డోళ్ళ మీద ఆనకుండా గాలిలో నిలిపి, నోరు కొంచెం తెరిచి. నలభై ఎనిమిది జతల కళ్ళు. ఇరవై ఒక్క ఏళ్ళల్లో ఇంతమంది ఒకేసారి నన్ను చూడడం ఇదే. పెద్ద నగరంవాళ్ళు వేదిక నిండదన్నారు.

గడియారంలో నాలుగూ పన్నెండు. నా వెనక మూడో వరసలో ఆకుపచ్చ గుడ్డ విప్పుతున్న చప్పుడు వినపడిందా, నా ఊహేనా, తెలీదు. ఇంకా ఆరు గళ్ళు. సోమవారం వాళ్ళు ఓటు వేస్తారు. వెయ్యనీ. వాళ్ళు నన్ను పంపిస్తే, పంపించారని రాయించుకుంటాను. నేనే వెళ్ళానని మాత్రం రాయించుకోను. ఇంకా నాలుగు. కుడి చెయ్యి తన ఉద్యోగం తాను చేసుకుంటోంది, పాపం, దానికేం తెలీదు. ఓచోవా కమాను చివరిదాకా లాగి, తల ఎత్తి, నా ముఖం కాదు, నా ఎడమ వైపు చూశాడు. ఇంకా రెండు. నిన్న ఈ చోట చెయ్యి దానంతటదే లేచింది. ఇవాళ అది లేవలేదు. పక్కనే వేలాడుతూ ఉంది, నన్ను చూస్తూ ఉంది, నువ్వే చెప్పు అన్నట్టు.

ఎత్తాను.